వచ్చిన ఫోను చేరవలసిన చోటికి: చిన్న కార్యాలయపు దూరవాణి వ్యవస్థపై ఒక పాఠం

బెంగళూరు వంటి నగరంలో ప్రతి చిన్న కార్యాలయానికీ రెండు వాకిళ్లు ఉంటాయి. ఒకటి వీధివైపు తెరచుకొనేది. రెండవది దూరవాణి. వీధివాకిలి దగ్గర నిలిచినవారు మన కంటికి కనిపిస్తారు; ఎవరో ఒకరు లేచి లోపలికి పిలుస్తారు. రెండవ వాకిలి దగ్గర నిలిచినవారు కనిపించరు. ఎంగేజ్ శబ్దం విని వెనుదిరిగినవారి లెక్క ఏ పుస్తకంలోనూ చేరదు.

భవన నిర్మాణ పనిలో ఉన్న అనంతపురం జిల్లా కూలీ ఒకరు భోజన విరామంలో వైద్యశాలకు ఫోను చేసి భార్య రక్తపరీక్ష ఫలితం అడగాలనుకొన్నారని తలచండి. ఆయనకు ఉన్న వ్యవధి పదిహేను నిమిషాలు. మొదటిసారి లైను దొరకలేదు. రెండవసారి దొరికినా, తెలియని భాషలో పొడుగాటి ప్రకటన వినిపించింది. మూడవసారి ఎవరో ఎత్తి, వేరొక గదికి కలుపుతూ లైను తెంచారు. ఇంతలో విరామం ముగిసింది. అక్కడ పనిచేసేవారిలో ఎవరికీ దురుద్దేశం లేదు. లోపమంతా ఫోనును నడిపించే ఏర్పాటులో ఉన్నది. ఆ ఏర్పాటును సరిచేయడం ఖర్చుతో కూడిన పని కాదు. కొంత లెక్క, కొంత ఆలోచన ఉంటే చాలు.

ఈ పాఠం ముగిసేసరికి పాఠకులు మూడు పనులు చేయగలగాలి: తమ కార్యాలయానికి ఎన్ని లైన్లు కావాలో లెక్కకట్టడం, వచ్చే ఫోను ఎవరి దగ్గరికి, ఏ వరుసలో, ఎంతసేపటికి చేరాలో కాగితంపై గీయడం, అమర్చిన తరువాత పరీక్షించి చూడడం. పెట్టెలో సంకేతాలు నమోదు చేసే పని మరమ్మతుదారు చేయవచ్చును. కానీ ఏమి నమోదు చేయాలో చెప్పవలసినది కార్యాలయంవారే.

1. చేతిపని నుండి పెట్టెవరకు

మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. ఆనాడు ఫోనెత్తితే పలికేది మనిషి. ఎవరితో మాట్లాడాలో చెబితే ఆపరేటర్ తీగను తీసి తగిన రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలిపేవారు. ఈ పనిని మనిషి చేతి నుండి యంత్రానికి మార్చినవారు అమెరికాలోని కాన్సస్ సిటీకి చెందిన ఆల్మన్ స్ట్రౌజర్. ఆయన వృత్తి అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం. తన కొరకు వచ్చిన ఫోన్లను ఆపరేటర్ పోటీదారునికి కలుపుతున్నదన్న అనుమానమే ఆయనను ఈ ఆలోచనకు పురికొల్పిందని చెప్పుకొంటారు. ఆయనకు 1891లో పేటెంటు లభించింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్ పట్టణంలో ఆ పద్ధతిపై తొలి ఎక్స్ఛేంజీ వెలసింది.

ఈ చరిత్రలో కర్ణాటకకూ చోటున్నది. భారత టెలిఫోన్ పరిశ్రమ 1948లో బెంగళూరులో స్థాపితమయినది. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ, మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకొని, శీతలీకరణ లేకుండానే పనిచేసే గ్రామీణ ఎక్స్ఛేంజీని రూపొందించి 1986లో కిత్తూరులో నెలకొల్పినది. ఊరంతటికీ ఎక్స్ఛేంజీ చేసే పనినే ఒక కార్యాలయం గోడల మధ్య చేసేది మనం ఈపీఏబీఎక్స్ అని పిలిచే చిన్న పెట్టె.

2. మూడు భాగాలు

ఈ వ్యవస్థలో ముఖ్యమైనవి మూడు. మొదటిది ట్రంకు లైను, అనగా టెలిఫోను సంస్థ నుండి లోపలికి వచ్చే లైను. ఎన్ని ట్రంకు లైన్లు ఉంటే బయటివారితో ఒకేసారి అన్ని సంభాషణలే సాగుతాయి. రెండవది పెట్టె. మూడవది ఎక్స్‌టెన్షన్, అనగా గదులలోని ఫోను. బజారులో 3×8 అంటే మూడు ట్రంకు లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు కలపగల పెట్టె అని అర్థం. ఇంటర్నెట్ ద్వారా పనిచేసే ఐపీ పెట్టెలు కూడా నేడు వాడుకలో ఉన్నాయి. వాటిలో తీగలు మారతాయే కాని, ఫోనును నడిపించే సూత్రాలు ఇవే.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. కార్యాలయం మూడు లైన్లు తీసుకొన్నంత మాత్రాన, బోర్డుపై రాసిన ఒక్క సంఖ్యకు వచ్చే ఫోన్లు మూడింటిపైనా వాలవు. మొదటి లైను మాటలో ఉన్నప్పుడు తరువాతి ఫోను తనంతట తానే రెండవ లైనుపైకి పోవాలంటే, ఆ ఏర్పాటును టెలిఫోను సంస్థ తన ఎక్స్ఛేంజీలో చేయాలి. దీనిని హంటింగ్ అంటారు. ఇది లేనిచోట రెండు లైన్లు ఖాళీగా ఉన్నా బయటివారికి ఎంగేజ్ శబ్దమే వినిపిస్తుంది. పెట్టెలో ఎన్ని మార్పులు చేసినా ఈ లోపం తీరదు. ఎందుకంటే ఆ ఫోను పెట్టెవరకు రానేలేదు. కనుక మొదటి పరీక్ష ఇదే: ఒక మొబైల్ నుండి కార్యాలయపు సంఖ్యకు ఫోను చేసి మాటలో ఉంచి, మరొక మొబైల్ నుండి అదే సంఖ్యకు చేసి చూడండి.

3. ఎన్ని లైన్లు కావాలి?

ఈ ప్రశ్నకు లెక్కద్వారా సమాధానం చెప్పినవారు డెన్మార్క్ గణితవేత్త అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. కోపెన్‌హాగన్ టెలిఫోను సంస్థలో పనిచేస్తూ ఆయన 1917లో ప్రకటించిన సూత్రం నేటికీ వాడుకలో ఉన్నది. ఫోన్ల రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. ఒక లైను ఒక గంటసేపు పూర్తిగా మాటలో ఉంటే అది ఒక ఎర్లాంగ్.

ముందుగా, రోజు మొత్తంలో అత్యధికంగా ఫోన్లు వచ్చే ఒక్క గంటను గుర్తించండి. వైద్యశాలలకు అది తరచుగా ఉదయపు వేళ. ఆ గంటలో 20 ఫోన్లు వచ్చి, ఒక్కొక్కటి సగటున 3 నిమిషాలు సాగితే మొత్తం 60 నిమిషాలు. అంటే ఒక ఎర్లాంగ్. ఒక గంటకు ఒక గంట మాట ఉన్నది కనుక ఒక్క లైను సరిపోతుందని తోస్తుంది. అది పొరపాటు. ఫోన్లు క్యూలో నిలబడి ఒకదాని తరువాత ఒకటి రావు. ఒక్కోసారి నాలుగు ఒకేసారి వస్తాయి, ఆపైన పది నిమిషాలు నిశ్శబ్దం.

లెక్క చేసే విధానం సులభమే. లైను ఒక్కటీ లేకపోతే నష్టం 1, అనగా వచ్చినవన్నీ పోతాయి. ఆపై ఒక్కొక్క లైను చేర్చినప్పుడు, ముందరి నష్టాన్ని రద్దీతో గుణించి, ఆ వచ్చినదానిని లైన్ల సంఖ్యకు కలిపి, ఆ మొత్తంతో భాగించాలి. రద్దీ 1 అయినప్పుడు:

ఒక లైను: 1 ÷ (1 + 1) = 0.5. అనగా 100 ఫోన్లలో 50 వెనుదిరుగుతాయి.
రెండు లైన్లు: 0.5 ÷ (2 + 0.5) = 0.2. అనగా 20.
మూడు లైన్లు: 0.2 ÷ (3 + 0.2) = 0.0625. అనగా సుమారు 6.
నాలుగు లైన్లు: 0.0625 ÷ (4 + 0.0625) = 0.015. అనగా ఒకటి లేక రెండు.

రెండవ లైను 30 మందిని లోపలికి తెచ్చినది, మూడవది 14 మందిని, నాలుగవది ఐదుగురిని. ఏ లైనుకు ఎంత అద్దె కట్టడం సమంజసమో ఈ అంకెలను చూచి యజమాని నిర్ణయించుకోవచ్చును. లైను దొరకనివారు ఇక ప్రయత్నించరన్న భావనపై ఈ సూత్రం నిలిచి ఉన్నది. మన అనుభవంలో వారు మళ్లీ మళ్లీ చేస్తారు. కనుక అసలు నష్టం ఇంతకన్న కొంచెం ఎక్కువే ఉంటుందని గ్రహించాలి.

ఇందులోనే మరొక నీతి ఉన్నది. ఫోను కలిసిన వెంటనే 40 సెకన్ల ప్రకటన వినిపించే ఏర్పాటు చేశారనుకొందాం. ఆ 40 సెకన్లూ లైను నిండి ఉన్నట్లే. 20 ఫోన్లకు 800 సెకన్లు, అంటే 13 నిమిషాలకు పైగా రద్దీ పెరిగినది. ఒక ఎర్లాంగ్ 1.22 అయినది. మూడు లైన్లపై నష్టం 6 శాతం నుండి సుమారు 9 శాతానికి పోతుంది. సంస్థ ఘనతను చాటే స్వాగత ప్రకటన వచ్చేవారికి తలుపు మూస్తున్నదన్నమాట.

4. ఫోనును నడిపించే పద్ధతులు

ట్రంకు లైనుపై ఫోను వచ్చినప్పుడు పెట్టె ఏమి చేయగలదో చూద్దాం.

అందరికీ ఒకేసారి మోగించడం: ఎంపిక చేసిన ఫోన్లన్నీ మోగుతాయి, ముందు ఎత్తినవారిది. ఇద్దరు ముగ్గురున్న చోట మంచిది. ఎక్కువమంది ఉంటే ఎవరికివారు మరొకరు ఎత్తుతారులే అనుకొంటారు.

వరుసగా మోగించడం: మొదట ఒకరికి, ఆయన ఎత్తకపోతే రెండవవారికి, తరువాత మూడవవారికి. పని నేర్పరి ముందుండాలనుకొన్నప్పుడు తగినది. ఇందులో మొదటివారిపైనే భారం పడుతుంది.

వంతులవారీగా మోగించడం: క్రిందటిసారి ఎత్తినవారిని విడిచి తరువాతివారి నుండి మొదలుపెట్టడం. సమానమైన పని చేసే ఇద్దరు ముగ్గురు గుమస్తాలున్నప్పుడు న్యాయమైనది.

యంత్రమే పలకడం: పెట్టె ఫోనెత్తి ముందుగా రికార్డు చేసిన మాట వినిపించి, అంకె నొక్కమంటుంది. చాలా పెట్టెలలో దీనిని డీసా అంటారు. ఫోనులోని ప్రతి మీట రెండు స్వరాలను ఒకేసారి పలుకుతుంది. 5 నొక్కితే 770, 1336 హెర్ట్‌జ్ స్వరాలు కలిసి వినిపిస్తాయి. పెట్టె ఆ జంటను గుర్తించి ఏ అంకె నొక్కారో తెలుసుకొంటుంది.

ఎనిమిది గదులున్న కార్యాలయంలో పగటిపూట రిసెప్షన్‌లో మనిషి ఉన్నప్పుడు ఫోను మొదట మనిషి దగ్గరికే పోవాలి. ఆ మనిషి మాటలో ఉన్నప్పుడో, లేనప్పుడో మాత్రమే యంత్రం పలకడం మేలు. యంత్రం సహాయకునిగా ఉండవచ్చును, ద్వారపాలకునిగా ఉండతగదు.

5. సంఖ్యలు ఇవ్వడంలో మెలకువ

గదులకు సంఖ్యలు ఇచ్చేటప్పుడు ఇష్టం వచ్చినట్లు 11, 12, 13 అని మొదలుపెట్టడం పరిపాటి. ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది ప్రాణానికి సంబంధించినది. దేశమంతటికీ అత్యవసర సంఖ్య 112. గదిలోని ఫోను నుండి ఎవరైనా ఆదుర్దాలో 112 నొక్కితే, 11 అనే గది ఉన్నచోట మొదటి రెండంకెలకే ఆ గది మోగుతుంది; మూడవ అంకె గాలిలో పోతుంది. 108కి కూడా 10 అనే గది అడ్డువస్తుంది. కనుక గదుల సంఖ్యలు 1తో మొదలు కారాదు. అనేక పెట్టెలలో బయటి లైను కొరకు ముందు 0 నొక్కాలి. కంగారులో ఆ సంగతి గుర్తుండదు. అందుచేత 112, 108 నొక్కితే నేరుగా బయటి లైనుకు పోయేటట్లు పెట్టెలో నమోదు చేయించి, ప్రతి ఫోనుపైనా చీటీ అంటించాలి.

రెండవ చిక్కు ప్రకటనకు సంబంధించినది. మందుల అంగడికి 2 నొక్కండి అని ప్రకటనలో చెప్పి, గదులకు 21 నుండి 28 వరకు సంఖ్యలిస్తే, 2 వినగానే పెట్టె మరొక అంకె కొరకు ఎదురుచూస్తుంది. ఆ నాలుగైదు సెకన్ల నిశ్శబ్దంలో ఫోను చెడిపోయిందని తలచి అవతలివారు పెట్టేస్తారు. ప్రకటనలో వాడే అంకెతో గదుల సంఖ్యలు మొదలు కాకుండా చూసుకొంటే ఈ బాధ ఉండదు. ప్రకటనకు 1 నుండి 4, గదులకు 61 నుండి 68 అని పెట్టుకోవచ్చును.

6. భాష అనే దారి

మన నగరంలో ఫోను చేసేవారు కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, ఆంగ్లం ఏదైనా మాట్లాడవచ్చును. అందుకని ముందు భాష అడిగి, తరువాత పని అడిగి, అంచెలంచెలుగా ప్రకటనలు పెట్టడం పెద్ద సంస్థల అలవాటు. చిన్న కార్యాలయం దానిని అనుకరించతగదు. తెలుగు కొరకు 2 నొక్కిన మనిషికి అవతల తెలుగు రానివారు ఎత్తితే ఆ ప్రశ్న అడిగి ప్రయోజనమేమి?

కాబట్టి మొదట చేయవలసినది ప్రకటన రాయడం కాదు, ఒక పట్టిక రాయడం. కార్యాలయంలో ఎవరికి ఏ భాష ధారాళంగా వచ్చునో గది సంఖ్యతో సహా రాయండి. అప్పుడు భాషే దారి అవుతుంది. తెలుగు నొక్కితే తెలుగు వచ్చినవారి ఫోన్లన్నీ మోగాలి. వారు పని తెలుసుకొని తగిన గదికి కలుపుతారు. ఒకే మనిషి రెండు మూడు భాషల జట్లలో ఉండవచ్చును.

ప్రకటనలో పాటించవలసిన నియమాలు కొన్ని. ఏ భాష కొరకు చెప్పే మాట ఆ భాషలోనే ఉండాలి. ఇది కన్నడ నాడు; కన్నడం మొదట రావడం మర్యాద, ప్రయోజనకరం కూడా. పని ముందు, అంకె తరువాత చెప్పాలి. "తెలుగులో మాట్లాడడానికి 2 నొక్కండి" అంటే వినేవారికి తమ భాష వినబడగానే చెవి నిలుస్తుంది, చివరి అంకె గుర్తుంటుంది. "2 నొక్కండి, తెలుగులో మాట్లాడడానికి" అనడం ఆంగ్లపు నడక. విషయం తెలిసేలోపు అంకె మరుపునకు వస్తుంది. మాటలు కూడా జనం నోట ఉన్నవే కావాలి. ప్రయోగశాల విభాగం అనేకన్న రక్తపరీక్షలు అనడం, లెక్కల విభాగం అనేకన్న బిల్లు అనడం మంచిది. నాలుగు భాషలకు తలా నాలుగు సెకన్లు, మొత్తం 16 సెకన్లు దాటకూడదు.

అన్నింటికన్న ముఖ్యమైన నియమం: ఏమీ నొక్కనివారిని తెంచివేయరాదు. కళ్లు సరిగా కనబడని వృద్ధులు, అక్షరజ్ఞానం లేనివారు, బిడ్డను చంకనెత్తుకొని ఒక చేత్తో ఫోను పట్టుకొన్న తల్లి ఏమీ నొక్కకపోవచ్చును. నిజమైన అపాయంలో ఉన్న మనిషి అంకెలు వెతకడు. కనుక ఏమీ నొక్కనప్పుడు తెరచుకొనే దారే అన్నిటికన్న మంచి దారి కావాలి. ఎప్పుడూ మనిషి ఉండే గదికి ఆ ఫోను పోవాలి.

7. ఒక నమూనా

మూడు లైన్లు, ఎనిమిది గదులు ఉన్న చిన్న వైద్యశాలను ఊహించి, పై సూత్రాలను అమర్చి చూద్దాం.

61 రిసెప్షన్ మొదటి బల్ల: కన్నడం, తెలుగు
62 రిసెప్షన్ రెండవ బల్ల: కన్నడం, తమిళం
63 నర్సుల గది, రాత్రింబవళ్లు మనిషి ఉంటారు: కన్నడం, తమిళం, హిందీ
64 వైద్యుని గది: బయటి ఫోన్లు నేరుగా రావు
65 రక్తపరీక్షలు: తెలుగు
66 మందుల అంగడి: తెలుగు, హిందీ
67 బిల్లు: కన్నడం, హిందీ
68 కాపలాదారు: కన్నడం

పగలు: ఏ లైనుపై ఫోను వచ్చినా 61, 62 కలిసి మోగుతాయి. మన దేశంలో ఫోను జంటగా మోగి రెండు సెకన్లు ఆగుతుంది. ఒక్కొక్క చుట్టుకు మూడు సెకన్లు. ఐదు చుట్లు, అనగా 15 సెకన్లలో ఎవరూ ఎత్తకపోతే యంత్రం పలుకుతుంది. కన్నడానికి 1 నొక్కితే 61, 62, 67. తెలుగుకు 2 నొక్కితే 61, 65, 66. తమిళానికి 3 నొక్కితే 62, 63. హిందీకి 4 నొక్కితే 63, 66, 67 మోగుతాయి. ఏమీ నొక్కకపోతే 63. ఏ జట్టులోనైనా 20 సెకన్లలో జవాబు రాకపోతే అదీ 63కే.

రాత్రి 8 నుండి ఉదయం 8 వరకు, సెలవు దినాలలోను: ప్రకటన లేకుండా నేరుగా 63 మోగుతుంది. 15 సెకన్ల తరువాత 68 కూడా కలుస్తుంది. 30 సెకన్లకు ఆ రాత్రి విధిలో ఉన్న వైద్యుని మొబైలుకు పోతుంది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. పెట్టె బయటి ఫోనును బయటి మొబైలుకు కలిపినప్పుడు రెండు ట్రంకు లైన్లు పట్టుబడతాయి. మూడింటిలో ఒక్కటే మిగులుతుంది. మరొకటి, 2019లో ట్రాయ్ నిర్ణయించిన ప్రకారం, ఎత్తని ఫోను ల్యాండ్‌లైనుపై 60 సెకన్లు, మొబైలుపై 30 సెకన్లు మాత్రమే మోగుతుంది. పెట్టె ఫోనెత్తకముందు ఈ 60 సెకన్ల గడువు నడుస్తూ ఉంటుంది. కనుక వరుసలన్నీ ఆలోపలే ముగియాలి.

ఉగాది, రాజ్యోత్సవం, వరలక్ష్మీ వ్రతం వంటి సెలవు దినాలను ఏడాది ఆరంభంలోనే పట్టికగా రాసి పెట్టెలో నమోదు చేయించాలి. పెట్టెకు ఆ సౌకర్యం లేకపోతే పగలు-రాత్రి మార్పు ఎవరు చేయాలో ఒకరికి బాధ్యత అప్పగించాలి. అందరి పని ఎవరి పనీ కాదు.

8. కలిపేటప్పుడు పాటించవలసిన మర్యాద

ఒక గదికి వచ్చిన ఫోనును మరొక గదికి కలపడానికి ఫ్లాష్ మీట నొక్కి ఆ గది సంఖ్య నొక్కుతారు. మీటకు బదులు ఫోను ఆనించే కొక్కెంపై ఎక్కువసేపు నొక్కి పట్టుకొంటే లైనే తెగిపోతుంది.

అవతలి గదివారు ఎత్తేవరకు ఆగి, ఎవరు, ఎందుకు ఫోను చేశారో చెప్పి అప్పగించడం ఉత్తమం. అప్పుడు ఫోను చేసినవారు తమ కష్టాన్ని రెండవసారి మొదటి నుండి చెప్పనవసరం ఉండదు. తీరిక లేక అలాగే వదలివేసినప్పుడు, ఎవరూ ఎత్తకపోతే ఫోను తిరిగి కలిపినవారికే వచ్చే ఏర్పాటు పెట్టెలో ఉంటుంది. అది పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. కలిపే ముందు "అమ్మా, రక్తపరీక్షల గదికి కలుపుతున్నాను, మధ్యలో తెగిపోతే మళ్లీ చేసి 65 అడగండి" అనే ఒక్క వాక్యం చెబితే, తెగినా మనిషి దారి తప్పరు.

వ్యాధి వివరాలు, పరీక్ష ఫలితాలు ఫోనెత్తిన ప్రతివారికీ చెప్పతగదు. మాట్లాడుతున్నది రోగియేనా అని నిర్ధారించుకొన్న తరువాతనే చెప్పాలి. సంభాషణ రికార్డు చేసే పెట్టె అయితే ఆ సంగతి ముందుగా తెలియజేయాలి.

9. కరెంటు పోయినప్పుడు, తాళం వేయనప్పుడు

కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది. కొన్ని పెట్టెలలో అటువంటి సమయంలో మొదటి ట్రంకు లైను ఒక నిర్ణీత గది ఫోనుకు నేరుగా కలిసే సౌకర్యం ఉంటుంది. ఆ గది 63 కావాలి. రాగితీగ లైనుకు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజీ నుండే వస్తుంది కనుక ఈ ఉపాయం పనిచేస్తుంది. ఫైబర్ లైను అయితే గోడకు తగిలించిన మోడెముకు కూడా కరెంటు కావాలి. పెట్టెకు మాత్రమే యూపీఎస్ ఇచ్చి మోడెమును మరచిపోతే ప్రయోజనం లేదు. రెండింటినీ ఒకే యూపీఎస్‌కు కలపాలి. పిడుగులు పడే కాలానికి ముందు ఎర్త్ తీగను, లైన్ల రక్షణ పరికరాలను మరమ్మతుదారుచేత చూపించాలి.

పెట్టెకు తయారీదారు పెట్టిన రహస్య సంఖ్యను మొదటి రోజే మార్చాలి. బయటి నుండి ఫోను చేసి, యంత్రం పలికినప్పుడు సంకేతం నొక్కి, అదే పెట్టె ద్వారా దూరదేశాలకు ఫోను చేసుకొనే మోసం లోకమంతటా ఉన్నది. బిల్లు కార్యాలయంపై పడుతుంది. ఆ సౌకర్యాన్ని మూసివేయించి, అవసరం లేని గదులకు విదేశీ ఫోన్లను నిలిపివేయించండి.

10. పరీక్షించే విధానం

అమర్చిన రోజున, ఆపై మూడు నెలలకొకసారి, బయటి మొబైల్ నుండి క్రింది పరీక్షలు చేసి ఫలితాలను పుస్తకంలో రాయండి.

మూడు మొబైళ్లతో ఒకేసారి చేస్తే మూడూ కలిశాయా? ఎవరూ ఎత్తకుండా వదిలితే ఎన్ని సెకన్లకు ప్రకటన వచ్చినది? ప్రతి భాషకూ అంకె నొక్కితే ఆ భాష వచ్చినవారే ఎత్తారా? ఏమీ నొక్కకపోతే 63 మోగినదా? తప్పు అంకె నొక్కితే ఏమయినది? వేరొక గదికి కలిపి ఎవరూ ఎత్తకపోతే తిరిగి వచ్చినదా? రాత్రి పది గంటలకు చేస్తే ఎవరు పలికారు? కరెంటు తీసివేసి చేస్తే ఏ ఫోను మోగినది?

మరొక సులభమైన పరీక్ష ఉన్నది. కార్యాలయంతో పరిచయం లేని, చదువు రాని ఒక పెద్దావిడను ఫోను చేయమని కోరండి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడే మీ ఏర్పాటులో లోపం ఉన్నది.

ఎత్తలేకపోయిన ఫోన్ల సంఖ్యలు కనిపించే సౌకర్యం ఉంటే, ప్రతి సాయంత్రం ఆ సంఖ్యలకు తిరిగి ఫోను చేయడం ఒకరి విధిగా నిర్ణయించండి. వారంపాటు ఆ జాబితాను గంటలవారీగా రాస్తే ఏ వేళలో మనుషులు చాలడం లేదో తెలిసిపోతుంది. ఎంగేజ్ వల్ల పోయినవి లైను కొరతను చూపుతాయి. మోగి మోగి ఆగినవి మనుషుల కొరతను చూపుతాయి. మొదటిదానికి మందు రెండవదానికి పనికిరాదు.

అభ్యాసం

1. మీ కార్యాలయంలో అత్యధికంగా ఫోన్లు వచ్చే గంట ఏది? మూడు రోజులు లెక్కించి ఎర్లాంగ్‌లలో రాయండి.

2. ఒక గంటలో 30 ఫోన్లు, ఒక్కొక్కటి 4 నిమిషాలు. నష్టం 5 శాతం లోపల ఉండాలంటే ఎన్ని లైన్లు కావాలి? (జవాబు: రద్దీ 2 ఎర్లాంగ్‌లు. నాలుగు లైన్లపై నష్టం సుమారు 9.5 శాతం, ఐదింటిపై సుమారు 3.7 శాతం. కనుక ఐదు లైన్లు.)

3. మీ తోటివారి భాషల పట్టిక తయారుచేయండి. ఫోను చేసేవారి భాషలలో ఎవరికీ రానిది ఏది? ఆ భాషవారికి ఏ ఏర్పాటు చేయగలరు?

4. గదుల సంఖ్యలు 10 నుండి 17 వరకు ఉన్న కార్యాలయంలో కలిగే రెండు ప్రమాదాలను వివరించండి.

5. మీ కార్యాలయానికి ఈ రాత్రి పదకొండు గంటలకు ఒక ఫోను వస్తే అది ఎక్కడ మోగుతుంది, ఎవరు ఎత్తుతారు, ఎవరూ ఎత్తకపోతే ఏమవుతుంది? కాగితంపై గీసి, రాత్రి స్వయంగా ఫోను చేసి సరిచూడండి.